వాడు విప్పి పంపిన గేదెలు

ఫోనెత్తగానే మాట కంటే ముందు గేదెల అరుపు వినపడింది. ఒకటి కాదు, పాకలో ఉన్నవన్నీ అరుస్తున్నాయి. ఆ అరుపుల వెనకాల ఎక్కణ్ణించో మా ఆడపడుచు గొంతు.

"వదినా, నాన్న లేరు. పాలు తీయడానికెళ్ళి గుంజకి చేరబడి కూర్చుండిపోయారు. దూడనింకా వదల్లేదు కూడా."

నిడదవోల్లో మా వంటింట్లో నించుని ఆ మాట విన్నాను. తర్వాత తనేం చెప్పిందో గుర్తులేదు. "ముందు ఎవరో ఒకరు ఆ గేదెల పాలు తీయండమ్మా, పొదుగులు సలుపుతుంటాయి" అన్నాను. ఆయనుంటే అదే అనేవారు.

ఆయన నాకు మావగారు. అంటే, నా మొదటి భర్త తండ్రి. ఇప్పుడు నాకు వేరే ఇల్లుంది, వేరే ఇంటిపేరుంది. ఆ రెండూ నాకు ఇప్పించింది ఆయనే. అలాంటి మనిషిని ఏమని పిలవాలో తెలీక ఇన్నాళ్ళూ మావయ్యగారనే పిలిచాను. ఇక్కడా అలాగే రాస్తాను.

ధవళేశ్వరం దిగువన గోదారి పాయలుగా విడిపోతుంది. అక్కడ ఏటిగట్టుకి ఆనుకుని మా అత్తవారి ఊరు. ఎదురుగా, పాయకవతల, ఏటి మధ్య మెరకగా ఉండే లంక. ఆ లంకగడ్డి మీద బతికే మంద ఆయనది. వ్యవసాయం ఉన్నా లేనట్టే. ఆయన ధ్యాసంతా గేదెల మీదే. పాలు తీయడానికి కూర్చునే ముందు దాని నడుం మీద అరచెయ్యి ఆనించి, "వచ్చానమ్మా" అని చెప్పేవారు. "గొడ్డు దగ్గరికి చెప్పకుండా వెళ్ళకూడదు. మనిషి దగ్గరికైనా అంతే" అనేవారు. ఇంట్లోకొచ్చేటప్పుడు కూడా వాకిట్లో ఆగి, "అమ్మాయ్, లోపలికొస్తున్నా" అనేవారు, సొంతింట్లోకి. నేను కొత్తకోడల్ని. పుట్టింట్లో ఆ మర్యాద ఎరగను. అమ్మానాన్నా పోయాక మేనమామల ఇళ్ళల్లో పెరిగాను. నాకోసం ఒకాయన గుమ్మం ముందాగడం వింతగా ఉండేది.

మా పాప అప్పుడప్పుడే నడుస్తోంది. ఆ ఏడు వరద ఎర్రనీళ్ళు ముందే వచ్చాయి. బ్యారేజీ దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చారని కబురొచ్చేసరికే లంకలోకి నీళ్ళెక్కేస్తున్నాయి. అప్పట్లో మంద లంకలోనే, పాకలో కట్టేసి ఉండేది. మావయ్యగారు జ్వరంతో మంచం మీదున్నారు. కొడుకుని పిలిచి, "పడవలో వెళ్ళి పలుపులు విప్పేసి వచ్చెయ్యి. అవే ఈదుకొస్తాయి. వాటితోపాటు నువ్వు నీళ్ళలో దిగకు" అన్నారు.

"సరే నాన్నా" అని పాప వాళ్ళ నాన్న తువ్వాలు తలకి చుట్టుకుని వెళ్ళారు.

గేదెలన్నీ వచ్చాయి. ఒకదాని వెనక ఒకటి, బోసి మెడలతో. చివరిది మెడలో సగం విప్పిన పలుపు ఈడ్చుకుంటూ వచ్చింది. ఆ తర్వాత పడవతను వచ్చాడు, ఒక్కడే. "ముడి బిగుసుకుపోయిందని కిందికి వంగేడండి. కాళ్ళకింద గట్టు విరిగి పడిపోయింది. నే తిరిగి చూసేసరికి..." అని గట్టు మీద కూలబడ్డాడు.

ఎంత వెతికినా దొరకలేదు. నీళ్ళు తీశాక వెతికినా దొరకలేదు.

గేదెల్ని అమ్మేయమని అందరూ చెప్పారు. వాటి మొహం చూస్తూ ఎలా ఉంటావన్నారు. బేరగాడు వాకిట్లోకొచ్చి నించున్నాడు కూడా. మావయ్యగారు అతన్ని కూర్చోబెట్టి, మజ్జిగిచ్చి, నెమ్మదిగా చెప్పారు. "వాడు విప్పి పంపిన గొడ్లండి అవి. నేనెలా అమ్ముతాను?"

మందని ఇంటి పెరట్లోకి మార్చారు. పొద్దున్నే పాయ దాటించి మేపుకురావడం మొదలుపెట్టారు. చూసేవాళ్ళకి మనిషి మామూలైపోయినట్టే ఉండేది. ఇంట్లో ఉన్నవాళ్ళకి తెలుసు. పాలు తీస్తూ తీస్తూ, ఉన్నట్టుండి, "ఆఁ, వస్తన్నా" అనేవారు. ఎవరూ పిలవలేదు. ఒక్కోసారి చెంబు కింద పెట్టి వాకిలిదాకా వెళ్ళి, అక్కడ కాసేపు నించుని తిరిగొచ్చేవారు. వరదల కాలంలో చుట్టాల్లా మెలిగే పల్లెకార్లు వలలో పడ్డ పులస చేప తెచ్చిస్తే మావయ్యగారు చేతులు జోడించేవారు. "ఏమనుకోకండి. ఆ నీళ్ళలోది మేం తినం." వాళ్ళకి అర్థమయ్యేది. తలొంచుకుని బుట్ట ఎత్తుకునేవారు.

కొడుకు ఫొటోకి దండ వెయ్యనివ్వలేదు. నా బొట్టు జోలికి ఎవర్నీ రానివ్వలేదు. నేను భర్త ఉన్నదాన్నో లేనిదాన్నో తెలియకుండా అలా ఏళ్ళు గడిచాయి. పాప వాళ్ళ నాన్నకని ఎసట్లో ఒక పిడికెడు బియ్యం ఎక్కువ పోసేదాన్ని. ఎవరూ అడిగేవారు కాదు.

ఒక మధ్యాహ్నం పెరట్లో గిన్నెలు తోముతున్నాను. "ఆఁ, వస్తున్నా" అన్నాను. లేచి చేతులు కూడా కడుక్కున్నాను. అప్పుడు తెలిసింది, నన్నెవరూ పిలవలేదని. తల తిప్పితే మావయ్యగారు పాక గుమ్మంలో నించుని నన్నే చూస్తున్నారు. వరద రోజు కూడా ఆయన మొహం అలా లేదు.

మర్నాడు పొద్దున్నే కడియం వెళ్ళి బంతిపూల దండ తెచ్చారు. స్టూలెక్కి కొడుకు ఫొటోకి వేశారు. అత్తయ్యగారు పొయ్యి దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చారు.

"ఏంటండీ ఆ పని? నా బిడ్డ చచ్చిపోయాడని మీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. నేనే చెప్తన్నా." స్టూలు దిగలేదు, గోడవైపే చూస్తూ అన్నారు. "వాణ్ణి ఏరు తీసుకుపోయింది. ఈ పిల్లని కూడా ఇవ్వలేను."

నాకు సంబంధం చూస్తానన్నారు. అత్తయ్యగారు రెండ్రోజులు అన్నం ముట్టలేదు. కొడుకు ఇంటికి రాలేదు, మనవరాల్ని కూడా పంపేస్తారా అని ఏడ్చారు. నేనూ ఒప్పుకోలేదు. "ఎక్కడికీ వెళ్ళను మావయ్యగారూ. ఇక్కడే పడుంటాను" అన్నాను.

"ఇక్కడుంటే నువ్వూ ఏటికేసే చూస్తావమ్మా. ఆ పనికి నేనున్నాను. ఒకడు చాలు."

నిడదవోల్లో కాలేజీ లాబ్‌లో పనిచేసే ఆయన్ని చూశారు. భార్య పోయి ఒంటరిగా ఉంటున్నారు. మావయ్యగారు జీతం అడగలేదు, కులగోత్రాల మాట మధ్యవర్తికే వదిలేశారు. ఆయన అడిగింది ఒక్కటే అని మావారు ఇప్పటికీ చెప్తారు. "మీ ఇంట్లోంచి గోదారి కనపడుద్దా బాబూ?"

"లేదండి. కాలవుంది, అదీ దూరమే."

"కాలవ పర్లేదు. దానికి లాకుల తలుపులుంటాయి."

గుళ్ళో పెళ్ళి. అత్తయ్యగారు రాలేదు. నన్ను పంపించేటప్పుడు మావయ్యగారు పాప ముందు గొంతుక్కూర్చుని జడ సరిచేస్తూ చెప్పారు. "ఈయన్ని నాన్నా అని పిలవాలి, తెలిసిందా?"

"మరి మా నాన్న?" అంది.

"ఆ నాన్న నా దగ్గరుంటాడు. ఈ నాన్న నీ దగ్గరుంటాడు."

పాప తలూపింది. అది చిన్నపిల్ల, ఆ పంపకం దానికి సబబుగానే తోచింది. నేను మాత్రం బస్సు కిటికీలోంచి వెనక్కి చూడలేకపోయాను. ఆయన అన్నమాట ప్రకారమే చేశారు. మమ్మల్ని వెలుగులోకి పంపేసి, కొడుకుతోపాటు ఆ గట్టు మీద ఉండిపోయారు.

గేదె ఈనినప్పుడల్లా జున్నుపాలు పట్టుకుని బస్సెక్కి వచ్చేవారు. మా గుమ్మం బయటే ఆగి, "అమ్మాయ్, వచ్చాను" అనేవారు. మావారు కూడా ఆయన్ని మావయ్యగారనే పిలిచేవారు. ఇద్దరూ అరుగు మీద కూర్చుని వానల గురించీ దూడల గురించీ మాట్లాడుకునేవారు. ఉండమంటే ఉండేవారు కాదు. పొద్దు వాలేలోపు వెళ్ళిపోవాలి. "మంద తిరిగొచ్చే వేళకి నేనక్కడుండాలమ్మా" అనేవారు. మంద కోసమేనా అని నేనెప్పుడూ అడగలేదు. పోయినసారి వచ్చినప్పుడు ఇంటర్ చదువుతున్న మనవరాలి మొహంలోకి చాలాసేపు చూసి, "నవ్వు వాడిదే" అన్నారు. అంతే. మళ్ళీ రాలేదు.

మేం వెళ్ళేసరికి ఆయన్ని వాకిట్లో పడుకోబెట్టారు. ఎవరో దూరపు చుట్టం నన్ను చూసి, "ఈవిడేమవుతుంది?" అని అడిగింది. పెళ్ళయ్యాక అత్తయ్యగారు నాతో సరిగ్గా మాట్లాడిన రోజులు తక్కువ. ఆవిడ శవం పక్కనుంచి తలెత్తకుండానే, "మా పెద్దమ్మాయి. దారివ్వండి" అన్నారు. నేను వెళ్ళి పక్కన కూర్చుంటే నా చెయ్యి తీసుకుని ఆయన చెయ్యి మీద పెట్టారు. ఏళ్ళ తరబడి తీసిన పాల జిడ్డు ఇంకా వదల్లేదు ఆ వేళ్ళని.

మంద ఇప్పుడు మా ఆడపడుచు భర్త చూసుకుంటాడు. ఆ వరద దాటొచ్చిన గేదెలు ఎప్పుడో పోయాయి. ఉన్నవన్నీ వాటి పిల్లలూ, పిల్లల పిల్లలూ. కర్మ అయిన సాయంత్రం వాటిని లంకలోంచి తోలుకొస్తుంటే ఎవరూ చెప్పకుండానే అందరం ఏటిగట్టు మీదికి వెళ్ళాం. అత్తయ్యగారు, ఆడపడుచు, నేను, మా అమ్మాయి, మావారు. నీళ్ళ మీద నల్లటి తలలు మాత్రమే కనపడుతూ మెల్లగా దగ్గరకొచ్చాయి. ఒక్కొక్కటీ ఒడ్డెక్కి, ఒళ్ళు విదిలించుకుని, మా పక్కనుంచే ఇంటిదారి పట్టాయి.

చివరి గేదె ఎక్కింది. పదండి వెళ్దామని ఎవరో ఒకరు అనాలి. అందరం ఏటికేసే చూస్తున్నాం. అవి ఈదుకొచ్చిన దారి నీళ్ళ మీద చారలా కాసేపు కనపడి, కలిసిపోయింది. అయినా ఎవరం కదల్లేదు.