సారు కథలో పెద్దమ్మ

యూనివర్సిటీలో ఉద్యోగం వచ్చిన మొదటి ఏడాది నన్ను అన్నిటికంటే భయపెట్టింది క్లాసు కాదు, నెలకోసారి జరిగే సమావేశం. మా తెలుగు శాఖలో నెలకొక శుక్రవారం మధ్యాహ్నం అధ్యాపకులందరం సెమినార్ గదిలో కూర్చునేవాళ్లం. ఎవరు ఏ పాఠం ఎలా చెబుతున్నారు, ఏ పరిశోధన చేస్తున్నారు, కథో కవితో రాస్తుంటే అది ఎంతవరకు వచ్చింది, అన్నీ ఒకరికొకరం చెప్పుకోవాలి. ఫ్లాస్కులో చాయ్, పేపరు ప్లేట్లలో సమోసాలు. చూడటానికి ఇంటివాళ్ల ముచ్చటలా ఉండేది కానీ, మాట్లాడే వంతు వచ్చినవాళ్ల చాయ్ మాత్రం తాగకుండానే చల్లారిపోయేది.

ఆ పద్ధతి మొదలుపెట్టింది మా సారు. నా పీహెచ్‌డీకి ఆయనే గైడు. పేరున్న కథకుడు. పాతబస్తీలోని షాలిబండ నుంచి రెండు బస్సులు మారి వచ్చి, క్లాసులో నోరు విప్పడానికి జంకే నన్ను వెనక బెంచీ నుంచి ముందుకు తెచ్చింది ఆయన. "నీ ఇంటి తెలుగును దాచుకోకు, అదే నీ పరిశోధన" అని చెప్పిన మొదటి మనిషి కూడా ఆయనే. అందుకని నా వంతు వచ్చినప్పుడు, ఆయన మెచ్చుకునేదేదైనా తీసుకుపోవాలని నాకు పట్టుదలగా ఉండేది.

నేను తీసుకుపోయింది పెద్దమ్మ గొంతు.

పెద్దమ్మ నాకు చుట్టం కాదు. మా గల్లీ మొదట్లో పూలమ్మే ఆమెను అందరూ అలాగే పిలుస్తారు. తెల్లవారుజామున గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోయి పూలు తెచ్చి, పదింటికల్లా గల్లీ మొదట్లో అరుగు మీద కూర్చుని మాలలు కట్టేది. పనిచేసుకుంటూ ఆడవాళ్లు మాట్లాడుకునే మాటల్లో తెలుగు, దక్కనీ ఉర్దూ ఎలా కలిసిపోతాయన్నది అప్పుడు నేను చేస్తున్న పని. ఆదివారాలు ఆమె పక్కన కూర్చుని ఫోన్‌లో రికార్డు చేసుకునేదాన్ని. "పెద్దమ్మా, నీ మాటలు కాలేజీ పనికి రికార్డు చేస్కుంట" అన్నాను మొదటి రోజు. "చేస్కో తియ్, నా మాటలకేమున్నది" అంది. దాన్నే నేను అనుమతి అనుకున్నాను.

ఒక ఆదివారం ఏ మాట మీద ఆ మాట వచ్చిందో గుర్తులేదు, తన మొదటి బిడ్డ సంగతి చెప్పింది. పదకొండు నిమిషాలు చెప్పింది. చేతులు ఆపలేదు.

"మూడొద్దులు కర్ఫ్యూ. ఆయన పనికి పోయి ఆడ్నే ఇరుక్కపోయిండు. పోరికి జరం. గడప దాటనిస్తలేరు. పక్కింటి ఖాలా అన్నది, రేపు పొద్దుగాల రెండు గంటలు కర్ఫ్యూ ఇడుస్తరట, గప్పుడు దవాఖానకు పోదాం, ఫికర్ చెయ్యకు అని. ఒళ్లె పండవెట్టుకున్న. ఇంట్ల వాడిపోయిన కనకాంబరాలుండె. గవే కట్టుకుంట కూసున్న. చేతులు ఊకుండయి గద బిడ్డా. పొద్దుగాల చూస్తే సల్లగున్నది."

శుక్రవారం ఆ పదకొండు నిమిషాలూ సెమినార్ గదిలో వినిపించాను. వినిపించింది క్రియాపదాల కోసం. 'ఇడుస్తరట' అన్న మాట మీద, ఉర్దూ నుంచి వచ్చిన ఫికర్ తెలుగు క్రియతో కలిసిపోయిన తీరు మీద ఆరు స్లయిడ్లు చేసుకుపోయాను. రికార్డింగు అయిపోయాక గదిలో ఎవరూ సమోసా ముట్టుకోలేదు. స్లయిడ్లు చూపించాను. ఎవరూ చూడలేదు.

బయటికి వచ్చాక సారు నన్ను ఆపి ఆమె గురించి అడిగారు. నాకు గర్వంగా అనిపించింది. చాయ్ తాగుతూ అన్నీ చెప్పాను. ఎడమ మణికట్టు మీద కాలిన మచ్చ, నీలం వైరుతో బిగించిన బుట్ట చెవి, గల్లీ మొదటి అరుగు, పిన్ని వరస కలిపి ఖాలా అని పిలుచుకున్న పక్కింటామె తన చివరి రోజులదాకా ఆమెకు తోడుగా ఉన్న సంగతి, అన్నీ.

రెండు నెలల తర్వాత సారు వంతు వచ్చింది. కొత్త కథ ప్రతులు అందరికీ పంచి, చదువుతానన్నారు. మొదటి వాక్యంలోనే నీలం వైరు బుట్ట వచ్చింది. తర్వాత మచ్చ, అరుగు, ఖాలా, కనకాంబరాలు. అయితే కథ సగానికి వచ్చాక పెద్దమ్మ చెప్పనిది ఒకటి వచ్చింది. గల్లీలోకి పోలీసు జీపు వస్తుంది. జ్వరంతో బిడ్డ ఏడుస్తుంది. ఆ చప్పుడుకు తలుపు బద్దలు కొడతారన్న భయంతో తల్లి అరచెయ్యి బిడ్డ నోటి మీద పెడుతుంది. జీపు పోయేదాకా తీయదు. తీసేసరికి బిడ్డ ఉండదు.

ఆయన చదవడం ఆపాక ఇద్దరు కళ్లు తుడుచుకున్నారు. నేనూ ఏడ్చాను. ఇది రాయకుండా వదిలేస్తే నేను చెబుతున్నది అబద్ధమవుతుంది: ఆ అరచెయ్యి పెద్దమ్మది కాదని నాకు ఆ క్షణంలోనే తెలుసు. అయినా చప్పట్లు కొట్టాను. "మా అమ్మాయి తెచ్చిన గొంతు ఇది" అని సారు నా వైపు చూపించారు. ఆ మాటకే పొంగిపోయాను. ఆయన చదువుతుండగా ఒక విద్యార్థి వీడియో తీశాడు. సాయంత్రం దాన్ని, 'సమావేశంలో నేను వినిపించిన గొంతు ఇలా కథయింది' అని రాసి, నా వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకున్నాను.

పెద్దమ్మ మనవరాలు డిగ్రీలో చేరేటప్పుడు దరఖాస్తు నింపి పెట్టింది నేనే. ఆ పిల్ల దగ్గర నా నంబరుందన్నది, నా స్టేటస్ చూస్తుందన్నది నాకు తట్టనే లేదు.

ఆ తర్వాతి వారం ఆదివారం పొద్దున పెద్దమ్మ కొడుకు మా ఇంటికి వచ్చాడు. మా గల్లీలకు నీళ్లు వదిలే లైన్‌మన్. వాల్వు తిప్పే ఇనుప కడ్డీ ఎప్పుడూ బండికి కట్టి ఉంటుంది. ఎదురైతే నవ్వి పలకరించే మనిషి. ఆ రోజు గడప దగ్గరే నిలబడ్డాడు, లోపలికి రమ్మన్నా రాలేదు.

"అక్కా, ఒక్క మాట అడుగుత. మా అమ్మ నీకేం చెప్పింది?"

నాకు వెంటనే అర్థమైంది. "అది కథ భాయ్. సారు కల్పించిండు" అన్నాను.

"బుట్ట మాదే. చెయ్యి మీద మచ్చ మా అమ్మదే. ఖాలా మా ఖాలానే. గవన్ని నిజమైతే, గదొక్కటే కల్పించిండా?"

తనే మళ్లీ అన్నాడు. "నాకంటె ముందు ఒక ఆడివిల్ల పుట్టి పోయిందని తెల్సు. జరమొచ్చి పోయిందని చెప్పిన్రు. మొన్న గల్లీల ఇద్దరు ఆడోళ్లు మా అమ్మను చూసి గుసగుస వెట్టిన్రు. మా ఇంటామెనైతే, అత్త నిజంగ గట్ల చేసిందా అని నన్నే అడిగింది. రెండొద్దులాయె, నేను అమ్మతోని మాట్లాడక. మాట రాదు."

చివరికి, "గా రికార్డు నీ దగ్గరున్నదట గద. వినిపియ్యి" అన్నాడు.

"పెద్దమ్మను అడిగి వినిపిస్త" అన్నాను.

అతను మొదటిసారి నా ముఖంలోకి చూశాడు. "గంతమంది ప్రొఫెసర్లకు వినిపించినప్పుడు అడిగినవా అక్కా? కొడుక్కు వినిపించనీకి అడగాల్నా?"

బండి ఎక్కి వెళ్లిపోయాడు.

మర్నాడు సారు గదికి వెళ్లాను. జరిగింది చెప్పాను. ఆయన నిజంగానే నొచ్చుకున్నారు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఆమె చదువుతుందని అనుకోలేదమ్మా" అన్నారు.

"ఆమెకు చదువు రాదు సార్. మిగతా అందరికీ వచ్చు."

"కథకు ముడి కావాలి. బిడ్డ జ్వరంతో పోతే అది వార్త. తల్లి చెయ్యి ఉంటేనే కథ. ఆ చెయ్యి ఆమెది కాదు, ఆ కాలానిది. నువ్వు నా విద్యార్థివి, నీకు నేను చెప్పాలా?"

నిజమే, ఈ మాటే నేనూ క్లాసులో పిల్లలకు చెప్పాను, ఇంచుమించు ఇవే పదాలతో. ఆయనతో వాదించడానికి నా దగ్గర ఆయన నేర్పిన మాటలు తప్ప వేరే లేవు. "మరి ఆ మచ్చ, ఆ బుట్ట కూడా ఆ కాలానివేనా సార్?" అని మాత్రం అడిగాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని కిటికీ వైపు చూశారు.

ఆ సాయంత్రం పెద్దమ్మ దగ్గరికి వెళ్లాను. అరుగు మీద లేదు. రెండు రోజులుగా బేరానికి కూర్చోలేదని పక్కన గాజుల కొట్టాయన చెప్పాడు. ఇంటికి పోతే, తడిగుడ్డలో చుట్టిన మల్లెమొగ్గలు ముందు పెట్టుకుని ఊరికే కూర్చుని ఉంది. కొడుకు లోపలి గదిలో ఉన్నాడు.

నేను క్షమించమని మొదలుపెట్టబోతే చేత్తో ఆపింది. "గాయన రాసింది తెచ్చినవా? సదువు. ఇంట."

"వద్దు పెద్దమ్మా."

"అందరు ఇన్నరు. నేనే ఇనలే. సదువు."

చదివాను. మొదటి పేజీ వింటుంటే ఆమె ముఖంలో ఒక విధమైన వెలుగు కనిపించింది. తన బుట్ట కాగితం మీదికి ఎక్కిందన్న ఆశ్చర్యం. జీపు దగ్గరికి వచ్చేసరికి రెండు వాక్యాలు దాటేద్దామని చూశాను. "ఆపకు" అంది. చివరిదాకా చదివాను.

పెద్దమ్మ మణికట్టు మీది మచ్చను బొటనవేలితో రుద్దుకుంటూ మెల్లగా అంది.

"నేను గిట్ల చేసిన్నా బిడ్డా?"

"లేదు పెద్దమ్మా. నువ్వు చెయ్యలే."

"మస్తు దినాలాయె. గంత మంచిగ రాసిండు, కండ్ల ముంగట కనవడ్తున్నది. గా జీపు, గా చెయ్యి. ఇంటుంటే గట్లనే అయిందేమో అనిపిస్తున్నది. నాకే యాదికి లేదేమో."

అంతవరకూ నా తప్పు గల్లీలో లొల్లి కావడం, ఒక మనిషి పరువు పోవడం అనుకున్నాను. అంతకంటే లోపలికి పోయిందని అప్పుడు తెలిసింది. నలభై ఏళ్ల పైచిలుకు ఆమె దాచుకున్న ఆ ఒక్క తెల్లవారుజామును మేమిద్దరం, అధ్యాపకులం, మార్చేశాం. చదువు, పేరు, అందమైన వాక్యం మా వైపున్నాయి. ఆమె వైపు ఆమె జ్ఞాపకం తప్ప ఏమీ లేదు, దాన్నీ ఇప్పుడు ఆమె నమ్మడం లేదు.

నా ఫోన్ తీసి చూపించాను. "నువ్వేం చెప్పినవో గిండ్ల ఉన్నది. పెట్టాల్నా?"

తలూపి, లోపలి గదివైపు తిరిగి, "రా బిడ్డా, నువ్వు గూడ ఇను" అని కొడుకును పిలిచింది.

అతను వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. పదకొండు నిమిషాలు. పెద్దమ్మ తన గొంతు తానే తల వంచుకుని వింది. 'పొద్దుగాల చూస్తే సల్లగున్నది' దగ్గర ఆమె పెదవులు ఫోన్‌తో పాటు కదిలాయి. కొడుకు కింద కూర్చున్నాడు. తల్లి పాదం మీద చెయ్యి వేసి, "పేరేంది అమ్మా?" అని అడిగాడు.

అన్ని ఆదివారాల్లో నేను ఆ బిడ్డ పేరు అడగలేదు. సారూ అడగలేదు. శాఖలో ఎవరూ అడగలేదు. పెద్దమ్మ అతని చెవి దగ్గరికి వంగింది. నేను లేచి బయటికి వచ్చేశాను.

తర్వాత ఆమె అడిగింది ఒక్కటే. "గిది నా కొడుకు ఫోన్ల పెట్టు. నీ ఫోన్ల తీసెయ్యి." ఆమె ముందే తీసేశాను. స్లయిడ్ల కోసం కంప్యూటర్‌లో దాచుకున్న ముక్కల్ని ఇంటికి వెళ్లి తుడిచేశాను. సగం రాసిన పరిశోధనా వ్యాసం అక్కడితో ఆగిపోయింది.

మరుసటి నెల శుక్రవారం సమావేశంలో, నా వంతు కాకపోయినా లేచి నిలబడి జరిగినదంతా చెప్పాను. అడగకుండా వినిపించింది నేనని, చప్పట్లు కొట్టింది నేనని, స్టేటస్‌లో పెట్టింది నేనని చెప్పాను. ఒక సహోద్యోగి అనుమతి పత్రాల నమూనా తయారుచేద్దామన్నారు. ఇంకొకరు ఇది మంచి సెమినార్ అంశమవుతుందన్నారు. ఆ మాట విని నేను కూర్చున్నాను. సారు చివర్లో మాట్లాడారు. "నా కొత్త సంపుటిలో ఆ కథ ఉండదు" అన్నారు. అంతే. నా వైపు చూడలేదు.

మాట నిలబెట్టుకున్నారు. సంపుటి ఆ కథ లేకుండానే వచ్చింది. పెద్దమ్మ ఇంటికి వచ్చి మాట్లాడతానని కూడా అన్నారట, మరొకరితో. నేను పెద్దమ్మను అడిగితే, "వద్దు బిడ్డా. వస్తే గాయన నన్ను చూస్తడు, మల్ల రాస్తడు" అంది. ఆ జవాబు సారుకు చెప్పాను. ఆయన ముఖం ఎర్రబడింది. ఆ తర్వాత రిటైరయ్యేదాకా మా మధ్య పని మాటలు తప్ప లేవు. వీడ్కోలు సభలో ఆయనకు శాలువా కప్పింది నేనే. ఆయనంటే కోపమో, నన్ను ఇంతదాన్ని చేసిన మనిషిని పోగొట్టుకున్న దుఃఖమో ఇప్పటికీ తేల్చుకోలేదు.

నా స్టేటస్ ఒక్కరోజులో పోయింది కానీ, ఆ వీడియో ఎవరెవరి ఫోన్లలోనో ఉండిపోయింది. ఈ మధ్య వేరే కాలేజీ పిల్లలు దాన్ని నాటకంగా వేశారని విన్నాను. కొడుకు తల్లితో మామూలుగా ఉన్నాడు. ఒకసారి గల్లీలో ఎవరో ఆ మాట ఎత్తితే, ఫోన్ తీసి మూడు నిమిషాలు వినిపించి నోరు మూయించాడట. నాతో మాత్రం "నమస్తే మేడం" అంటాడు. అక్కా అనడం మానేశాడు.

పెద్దమ్మ మళ్లీ అరుగు మీద కూర్చుంటోంది. నేను పూలు కొంటాను. ధర చెబుతుంది, మూర వేస్తుంది, ఎండ గురించి రెండు మాటలంటుంది. పక్కన ఎప్పుడూ నేను కూర్చునే చోట ఇప్పుడు నీళ్ల బకెట్ పెట్టుకుంటోంది.