స్టాకు లేని ఏడుపు

"ఏమే, కాఫీలో చక్కెర తక్కువైంది."

"అది నీ చేతిలో లేనిది. ఓర్సుకో."

మొగుడూపెండ్లాలం కడసారి మాట్లాడుకున్నది ఇంతే. లోటా కింద పెట్టి, కుర్చీలోనే ఒరిగిపోయినాడు మా ఆయన. నేను మొగుడు పోతే ఏడవలేదని ఊరంతా చెప్పుకుంటా ఉండాది. దాన్ని సరిచెయ్యాలనే ఇది రాయిస్తా ఉండా. పాపా, నువ్వు మా మరిది కూతురివే గానీ, మీ నాయన మాట వస్తే దాటెయ్యొద్దు.

మా ఆయన వడమాలపేట బళ్ళో అయివోరు. యాడిదో గ్రీకుదేశం వేదాంతం సదివి, మన చేతిలో లేనిదానికి ఏడవగూడదనే స్టోయిక్కు అయినాడు. నాకది స్టాకు అని వినబడింది. కిరసనాయిలుకు పోతే రేషనంగడోడు చెప్పేది ఆ మాటే గదా, స్టాకు లేదని. ఈయనకు కోపమూ దుఃఖమూ స్టాకు లేవేమో అనుకున్నా. మీ నాయన తిరుపతిలో గుమాస్తా, బుద్ధుడి పార్టీ. ఆదివారం బస్సు దిగితే చాలు, అరుగు మీద అన్నాదమ్ములు తగులుకునేవాళ్ళు.

ఒకనాడు ఊరగాయ జాడీ పగిలింది.

"పగిలేది జాడీ స్వభావం. ఒప్పుకుని మన పని మనం చూసుకోవాల" అన్నాడు మా ఆయన.

"నాది అనుకోబట్టే గదన్నా దుఃఖం. నేను అనేదే లేదు, ఇంక నాదేంది?" అన్నాడు మరిది.

"మనసును కట్టెయ్యమనే గదా ఇద్దరూ చెప్పేది. తేడా ఏంది?" అని అడిగినా.

"మేము సంసారంలోనే ఉండి చేయాల్సింది చేస్తాం. వీళ్ళ బుద్ధుడు పెండ్లాన్ని వదిలేసి పోయినాడు."

"మీరు ఆశను అదుపులో పెడతారు. మేము వేరుతో పెరుకుతాం."

"సరే, అదుపులో ఉండే మనిషో, అసలే లేని మనిషో, ఎవురో ఒకరు ఈ పెంకులు ఎత్తండి" అన్నా.

ఇద్దరూ కాళ్ళు పైకి ముడుసుకున్నారు. ఆ ఒక్క విషయంలో రెండు మతాలూ ఒకటే.

ఆయన పోయినాక బళ్ళో సంతాప సభ పెట్టినారు. "వదినా, ఆడ ఏడవద్దు. అన్న సిద్ధాంతానికి మాట వస్తాది" అన్నాడు మీ నాయన. కొంగు నోట్లో కుక్కుకుని కూసున్నా. మళ్ళా మీ నాయనే మైకు పట్టుకుని, "మా వదిన ఒక్క కన్నీటిచుక్క రాల్చలేదు, అన్నకు తగిన ఇల్లాలు" అని చెప్తానే భోరుమన్నాడు. నేను అనేదే లేదన్న మనిషికి అంత చీమిడి యాడినుంచి వచ్చిందో. అందరూ పోయి ఆయప్పను ఓదార్సినారు. నన్ను పలకరించినోళ్ళు లేరు. గొప్ప ఇల్లాలికి ఓదార్పు ఎందుకు?

ఇంటికొచ్చి, పొయ్యికాడ కూలబడి గొంతు పోయేదాకా ఏడ్సినా. ఈ బొంగురు గొంతు ఆపొద్దుదే. అది రాయి.

"పెద్దమ్మా, అశ్రువులు రాల్చితిని అని పెట్టనా? బాగుంటాది."

ఏడ్సినా అని రాయి. రాసినావా? ఏదీ, పొయ్యికాడ్నుంచి సదువు, నేను వినాల.