పిన్ని కిటికీ

మా వీధి బాబాయి ఇంట్లోనే విమానం నడిపేవాడు. మూడు పాత కంప్యూటర్లను వైర్లతో కలిపి విమానం ఆట పెట్టాడు. ఒకదాంట్లో ముందు అద్దం, ఒకదాంట్లో మీటర్లు. మూడోది పక్క కిటికీ, అది పిన్నిది. గుండెజబ్బు ఉన్న ఆమెను డాక్టర్లు విమానం ఎక్కొద్దన్నారు మరి.

"ఏమే, బెల్టు పెట్టుకున్నావా?" అని అడగందే ఆయన బయల్దేరేవాడు కాదు. పిన్ని నవ్వుతూ తువ్వాలుతో తనను కుర్చీకి కట్టుకునేది.

ఒకరోజు నేనక్కడ ఉండగా ఆయన విమానం దించేశాడు. పిన్ని తెర మీద మాత్రం ఇంకా కృష్ణానది కదులుతోంది.

"ఆ మూడోది చానా స్లో బాబాయ్. కొత్తది ఇస్తా, నీకు కాబట్టి సగం రేటుకే," అన్నాను. కంప్యూటర్ల కొట్టు నాది. కళ్లు చెమర్చినా నోరు బేరం మానదు.

కన్నార్పకుండా నదిని చూస్తున్న పిన్ని వైపు తిరిగి, ఆయన గొంతు తగ్గించాడు.

"వద్దులేరా. మీ పిన్నిని ఇంకాసేపు ఎగరనీ."