మా అన్నయ్య తాగని మందు

మొన్న శనివారం సాయంత్రం నడకకు వెళ్ళి వస్తుంటే మా వీధి మలుపులో ఒక ఇంటి గరాజ్ తలుపు నడుమెత్తు దాకా లేపి ఉంది. లోపల ఎవరో గులాబీ పువ్వులు వండుతున్నారు. కాగిన నూనె, కొబ్బరిపాలు, యాలకులు, వాటితోపాటు గరాజ్‌లో ఎప్పుడూ ఉండే టైర్ల వాసన. అమెరికాలో మా షాంటిలీ ఊళ్ళో పెరిగిన తెలుగు పిల్లలెవరైనా కళ్ళు మూసుకుని చెప్పేయగల క్రిస్మస్ ముందటి వాసన అది. అలాంటి వాసన తగిలితే అందరికీ మనసు మెత్తబడుతుందట. నాకు మాత్రం ఒళ్ళు మండింది. గబగబా నడిచి ఇంటికొచ్చి కిటికీలన్నీ మూసేశాను.

మా ఇంట్లో పిండివంటలన్నీ గరాజ్‌లోనే జరిగేవి. వంటింట్లో చేస్తే పొగ అలారం కూస్తుందనీ, కార్పెట్‌కు పట్టిన నూనె వాసన ఈస్టర్ దాకా వదలదనీ అమ్మ భయం. డాడీ కార్లు రెండూ బయటికి తీసి గ్యాస్ పొయ్యి అమర్చేవారు, అమ్మ నైటీ మీద స్వెటర్, స్వెటర్ మీద కోటు వేసుకుని పీట మీద కూర్చునేది, తలుపు సందులోంచి చలిగాలి కాళ్ళను కోస్తుంటే ముఖాలేమో పొయ్యి సెగకు ఎర్రబడేవి. గులాబీ పువ్వుల అచ్చును నూనెలో కాచి, పిండిలో అంచు దాకా ముంచి, మళ్ళీ నూనెలో పెట్టి సున్నితంగా కదిలించే పని అన్నయ్య జోయెల్‌ది. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. విరిగిన పువ్వులన్నీ నాకు. "ఎన్ని విరిగాయిరా?" అని అమ్మ అడిగితే, "రెండు విరిగాయి, మూడు చెల్లి కోసం నేనే విరిచాను" అనేవాడు. వాడికి అబద్ధం చెప్పడం చేతకాదు. చక్కెరపాకం తక్కువైన అరిసెలు పెట్టి "ఎలా ఉన్నాయి బాబూ?" అనడిగిన ఆంటీలకు కూడా ఉన్నదే చెప్పి, డాడీ చేత మొట్టికాయలు తినేవాడు.

వండినవన్నీ డబ్బాలకెత్తి శనివారం కూడికలకు తీసుకెళ్ళేవాళ్ళం. గుంటూరు, తెనాలి, ఏలూరు వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబాలు వారానికొకరి ఇంట్లో చేరేవి. గుమ్మం దగ్గర చెప్పుల గుట్ట, మంచుకాలమైతే ఆ గుట్టలోంచి కార్పెట్ మీదికి కారే మురికినీళ్ళు, బేస్‌మెంట్‌లో దుప్పట్లు పరిచి కూర్చున్న మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు, వెనక బల్ల మీద అల్యూమినియం ట్రేలలో పలావు, కోడికూర, ప్లేనో నుంచి ఎవరి అత్తగారో పంపిన గోంగూర పచ్చడి. పాటలు, ప్రార్థన, వాక్యం అన్నీ అయితే గాని ట్రేల మీద రేకు తీయరు. పిల్లలం ఆకలికి మెలికలు తిరుగుతుండగా అప్పుడు మొదలయ్యేవి సాక్ష్యాలు.

సాక్ష్యమంటే, దేవుడు తన జీవితంలో చేసిన మేలును లేచి నిలబడి చెప్పడం. మా సంఘంలో దాని పద్ధతి ఒకటుంది. ముందు తానెంత పాడైపోయాడో చెప్పాలి, తర్వాత ఎలా బాగుపడ్డాడో చెప్పాలి. ముందు భాగం ఎంత ఘోరంగా ఉంటే వినేవాళ్ళకు అంత కన్నీళ్ళు. ఇందులో సంఘ పెద్ద దానియేలు అంకుల్‌ని కొట్టినవాళ్ళు లేరు. నేను ఫస్ట్ గ్రేడ్‌లో ఉండగా ఆయన పూర్వజీవితంలో ఉన్నవి సిగరెట్లే. థర్డ్ గ్రేడ్‌కొచ్చేసరికి సారా వచ్చి చేరింది. మిడిల్ స్కూల్‌కొచ్చేసరికి పేకాట, కత్తిపోట్లు, బెజవాడలో రైలు పట్టాల మీద తల పెట్టి పడుకోవడం కూడా వచ్చేశాయి. ఆ సమయంలో ఆయన భార్య కరుణ ఆంటీ నేలకేసి చూస్తూ కూర్చునేది. ఒకసారి వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ అమ్మతో, "మా ఆయనా? సోడా తాగితేనే కళ్ళు తిరిగేవి వదినా ఆయనకి" అని పకపకా నవ్వింది. అది అన్నయ్యా నేనూ విన్నాం. ఎవరికీ చెప్పలేదు, చెప్పినా ఎవరూ నమ్మరు.

డాడీ మాత్రం ఆయన్ని దేవుడి పక్క కుర్చీలో కూర్చోబెట్టేవారు. పాపం, డాడీకి చెప్పుకోవడానికి పూర్వజీవితమే లేదు. ఎల్‌కేజీ నుంచి ఇంజనీరింగ్ దాకా చదువు, తర్వాత ఉద్యోగం, తర్వాత పెళ్ళి. సాక్ష్యాల వేళ గోడకానుకుని, పరీక్షలో ప్రశ్న రాని పిల్లాడిలా వేళ్ళు విరుచుకుంటూ ఉండేవారు.

అన్నయ్య ఎయిత్ గ్రేడ్‌లో ఉండగా ఒక శనివారం పిల్లల చేత సాక్ష్యాలు చెప్పించారు. ఒకమ్మాయి పరీక్షలో కాపీ కొట్టానని ఏడ్చింది, ఇంకొకడు తమ్ముణ్ణి చంపేద్దామనుకున్నానన్నాడు, నేను పక్కదాని గ్లిటర్ పెన్ను కొట్టేశానని చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. నిజానికి ఆ పెన్ను నాదే. అన్నయ్య వంతు వచ్చింది. లేచి నిలబడి, "నేనేం చెయ్యలేదు అంకుల్. ఐయామ్ ఓకే" అన్నాడు.

"పాపం లేనోడు ఎవడూ ఉండడు బాబూ, బాగా ఆలోచించు" అన్నారు దానియేలు అంకుల్.

వాడు నిజంగానే ఆలోచించాడు. అందరూ ఎదురు చూస్తుండగా నుదురు చిట్లించి, చివరికి, "ఒకసారి లైబ్రరీ బుక్ లేట్‌గా రిటర్న్ చేశాను" అన్నాడు. బేస్‌మెంట్ అంతా గొల్లున నవ్వింది. ఇల్లు చేరాక డాడీ గరాజ్‌లో కారు ఆపి, "నా పరువు తీశావు కదరా" అన్నారు.

అలాంటి వాడు హైస్కూల్ అవగానే ఆర్మీలో చేరాడు. "ఆర్మీయా? అయ్యో, మార్కులు రాలేదా?" అని పరామర్శకు వచ్చినట్టు వచ్చిపోయారు ఆంటీలందరూ. వాడేమో ట్రక్కుల ఇంజన్లు విప్పి బిగించడం నేర్చుకుని సంతోషంగా ఉన్నాడు. కొన్నాళ్ళకు బేస్ బయట ఒక హోటల్ పార్కింగ్ లాట్‌లో, వాడి స్నేహితుణ్ణి వెనక నుంచి తోసినవాణ్ణి అన్నయ్య ఒక్క గుద్దు గుద్దాడు. అవతలివాడి దవడ విరిగింది. ఆ రాత్రి వాళ్ళందరినీ కారులో దింపాల్సింది అన్నయ్యే కాబట్టి వాడు తాగింది నిమ్మరసం. ఊరి కోర్టులో నేరం ఒప్పుకున్నాడు, శిక్ష పడింది, దాని మీద ఆర్మీ వాడిని గౌరవప్రదం కాని డిశ్చార్జ్, అంటే మచ్చపెట్టిన విడుదల కాగితం, ఇచ్చి బయటికి పంపింది. మామూలుగా దిగిపోయిన సైనికుడి కాలేజీ చదువుకు ప్రభుత్వమే డబ్బు కడుతుంది. వాడికి ఆ తలుపు మూసుకుపోయింది. టైర్ల గోడౌన్‌లో పనిచేసుకుంటూ, ఇంజనీరింగ్ చదవాలన్న కోరిక ఒక్కటి పట్టుకుని కూర్చున్నాడు. కన్న తండ్రి ఇంజనీరింగ్ అని ప్రాణం తీసినప్పుడు పుట్టని కోరిక, ట్రక్కుల కింద పడుకున్నాక పుట్టింది.

డిశ్చార్జ్‌ని గౌరవప్రదమైనదిగా మార్చమని ఆర్మీ బోర్డుకు అర్జీ పెట్టుకోవచ్చు. ఉచితంగా సాయం చేసే ఒక లాయరమ్మ దొరికింది. బోర్డు అధికారులు వీడియోలో విచారిస్తారనీ, అన్నయ్యను చిన్నప్పటి నుంచి ఎరిగిన పెద్దమనిషి ఒకరు మాట్లాడితే మంచిదనీ చెప్పింది. నేను వాడికి హైస్కూల్‌లో వర్క్‌షాప్ పనులు నేర్పిన షాప్ టీచర్ని అడుగుదామన్నాను. డాడీ వినలేదు. "దానియేలన్న ఉండగా ఇంకొకరా?" అన్నారు. కళ్ళతో చూసింది మాత్రమే చెప్పండని లాయరమ్మ దానియేలు అంకుల్‌కు మరీ మరీ చెప్పింది. ఆయన నవ్వి, "నాకు మాట్లాడటం నేర్పుతున్నావా తల్లీ?" అన్నట్టు తలూపారు.

విచారణ రోజు ఆయన సూటు, టై వేసుకుని మా డైనింగ్ టేబుల్ దగ్గర అన్నయ్య పక్కన ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నారు. తెర మీద లాయరమ్మ, ఐదుగురు అధికారులు. గొంతు సవరించుకుని మొదలుపెట్టారు. ఈ అబ్బాయి ఒకప్పుడు తప్పిపోయినవాడు, ప్రతి రాత్రీ చేతిలో సీసా ఉండేది, కన్నవాళ్ళ మీద చెయ్యెత్తాడు, నా కళ్ళతో చూశాను, ఈరోజు చూడండి, కొత్త మనిషి. అమెరికా అధికారుల ముందు, ఇంగ్లీషులో, అచ్చం బేస్‌మెంట్‌లో ఊగినట్టే ఊగుతూ చెప్పారు. లాయరమ్మ అడ్డుపడబోతే, సాక్షిని పూర్తి చేయనివ్వండని బోర్డు పెద్దావిడ ఆపింది. నాకు ఆ ల్యాప్‌టాప్ ఎత్తి నేలకేసి కొట్టాలనిపించింది.

పెద్దావిడ అన్నయ్య వైపు తిరిగి, ఇది నిజమేనా అని అడిగింది.

"నో మేడమ్. ఐ డోంట్ డ్రింక్. నేను కొట్టింది ఒక్కణ్ణే, ఒక్కసారే. మిగతావేమీ జరగలేదు" అన్నాడు ఇంగ్లీషులో.

దానియేలు అంకుల్ వాడి భుజం మీద చెయ్యి వేసి, తెర వైపు చూసి జాలిగా నవ్వుతూ, "హీ ఈజ్ స్టిల్ అషేమ్డ్, మేడమ్" అన్నారు.

విచారణ అయ్యాక డాడీ ఆయనకు టీ ఇచ్చి, "బాగా మాట్లాడారన్నా" అన్నారు. నేను ఆగలేకపోయాను. "అంకుల్, వాడు తాగడం మీరెప్పుడు చూశారు?" అన్నాను. ఆయనకు కోపం రాలేదు. అదే నన్ను ఇంకా మండించింది. "అమ్మా, ఎంత లోతు గోతిలోంచి లేపాడో చెప్పకపోతే, లేపినోడి గొప్పతనం ఎట్లా తెలుస్తదమ్మా వాళ్ళకి?" అని, టీలోకి ఇంకో బిస్కెట్ అడిగారు. ఆయన మనసులో కుట్ర ఏమీ లేదు. అన్నయ్యకు మేలు చేశానని ఆయన ఈరోజుకీ నమ్ముతున్నారు. అందుకే ఆయన్ని క్షమించడం నాకు ఇంకా కష్టం.

అర్జీ కొట్టేశారు. అర్జీదారు తరఫు సాక్షే దీర్ఘకాలపు తాగుడు, హింస గురించి చెప్పాడనీ, అర్జీదారు వాటిని ఒప్పుకోలేదనీ కారణం రాశారు. ఉత్తరం చదివి డాడీ, "దేవుడి చిత్తం" అన్నారు. అన్నయ్య గోడౌన్‌కు వెళ్ళిపోయాడు. ఇంకో బోర్డు ఉంది, దానికి మళ్ళీ పెట్టాం, ఈసారి షాప్ టీచర్ ఉత్తరం రాశారు. కానీ మొదటి విచారణలో రికార్డయిన మాటలు దానితోపాటే వెళ్తాయనీ, వాటిని తుడిచేసే దారి లేదనీ లాయరమ్మ చెప్పింది.

శనివారం కూడికలు ఇప్పుడు లేవు. సంఘానికి సొంత హాలు వచ్చింది, వంట కేటరింగ్ వాళ్ళది, ఆ బేస్‌మెంట్లన్నీ హోమ్ థియేటర్లయ్యాయి, సగం కుటుంబాలు అల్ఫారెట్టా వెళ్ళిపోయాయి. నేను ఆ హాలు గడప తొక్కను. అక్కడి పిల్లలకు మా అన్నయ్య బాగా తెలుసట, దానియేలు అంకుల్ ఆదివారాలు చెబుతుంటారట, మన జోయెల్ ఎంత తాగుబోతో, ఎలా మారాడో. అచ్చు పట్టుకుని చలిలో నిలబడ్డ పిల్లాడి గురించి అక్కడ ఎవరూ చెప్పరు.

పోయిన వారం అమ్మావాళ్ళింట్లో భోజనాలయ్యాక, కొత్తగా వచ్చిన పక్కింటావిడతో అమ్మ ఎంతో మామూలుగా, "అప్పట్లో తాగేవాడు పాపం, ఇప్పుడు బంగారం మా వాడు" అంది. అన్నయ్య సింక్ దగ్గర గిన్నెలు కడుగుతున్నాడు. ఆవిడ వెళ్ళేదాకా ఉగ్గబట్టుకుని, "అమ్మా, వాడు ఎప్పుడు తాగాడు? నువ్వు ఎప్పుడైనా చూశావా?" అని అడిగాను.

అమ్మ నిజంగానే గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించింది. కాసేపు అన్నయ్య వీపు వైపే చూసింది.

"ఏమోనే. తాగకపోతే దానియేలన్న అంత మంది ముందు ఎందుకు చెప్తారు?" అంది.

అన్నయ్య కుళాయి కట్టేసి, చేతులు తుడుచుకుని, కోటు తీసుకుని వెళ్ళిపోయాడు.