చిన్న ఉండలు, పెద్ద అలక

మొన్న విరుదునగరంలో కూతురింటికి వెళ్తే, మా మనవరాలు నా ముందు ఒక నల్లటి పెట్టె పెట్టి, మూత తీసి, నా మొహంకేసి చూస్తూ నిలబడింది. చెన్నైలో జపానువాళ్ల కంపెనీలో పనిచేస్తుంది కదా, వాళ్ల దగ్గర నేర్చుకున్న సుషి అట. పెట్టె నిండా గళ్లు, గడికొకటి నిమ్మకాయంత అన్నపుండ. ఒకదానికి పల్చటి దోసకాయ ముక్క చుట్టి, ఒకదానిమీద తూత్తుకుడి రొయ్య కప్పి, ఇంకోదానిపై గుడ్డట్టు సన్నగా తరిగి చల్లి ఎంత ముచ్చటగా చేసిందో! జపానులో ఆడపిల్లలు ఆడుకునే రంగుదారాల బంతుల పేరే వీటికీ పెట్టారట. అన్నంలో కాస్త పులుపు కలిపింది, బాగానే ఉంది. ఆ పనితనం నా పోలికే, అందులో సందేహం లేదు. ఇంతేసి ఉండలు చుట్టి ఒకప్పుడు ఊరందరి నోళ్లలో పడ్డదాన్ని నేను.

నా ఈడువాళ్లకు చెప్పనక్కర్లేదు, ఆ రోజుల్లో చేనిపనికి వచ్చినవాళ్లకు మధ్యాహ్నం కూడు చేనుగలవాళ్లే పంపాలి. నా పుట్టిల్లు విరుదునగరం, అన్నం తప్ప మరొకటి ఎరగం. మెట్టిందేమో కోవిల్‌పట్టి దాటి కడంబూరు దారిలో ఉన్న నల్లరేగడి ఊరు. అక్కడ కంబు సంగటి, అంటే సజ్జలు దంచి వండిన సంగటి. మనిషికి ఒక్కటే ఉండ, అదీ రెండు చేతులా పట్టుకునేంత. ఉండ ఎంతుంటే ఆ ఇంటికి పనివాళ్ల మీద అంత మర్యాద అన్నమాట, ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు.

శివరాత్రి వచ్చే మాసి నెలలో పత్తి పగిలి చేనంతా తెల్లబడిన రోజున పొద్దున్నే మబ్బు పట్టింది. వాన పడితే దూది నల్లబడి ఏడాది కష్టం మట్టిపాలవుతుందని ఇంటిల్లిపాదీ హడావుడిలో ఉంటే, కూడు పని కొత్త కోడలినైన నా మీద పడింది. నేను ముచ్చటపడి చిన్న చిన్న ఉండలు చుట్టి, ఒక్కోదాని నెత్తిన ఉల్లిపాయ ముక్క, వేయించిన ఊరమిరపకాయ గుచ్చి, గంపలో వరసగా పేర్చి చేనికి మోసుకుపోయాను. సంగటి రోజూ వండేటంతే, ఎన్ని కావాలంటే అన్ని తినొచ్చు. కానీ పత్తి తీసేవాళ్లలో పెద్దామె ఒక ఉండ అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పింది.

“ఏమ్మా, మీ ఇంట్లో కంబుకి కరువొచ్చిందా? ఇది ఉండనా, పిల్లకాయలాడే గోలీనా?” అంది. అంతే, అందరూ నడుముకు కట్టిన ఒడులు విప్పి, పని ఆపి చేనిగట్టెక్కారు. పైన మబ్బు, కింద ఇంకా ఏరని పత్తి.

ఇంతలో మా అత్తగారు వచ్చింది. నోరున్న మనిషి, నా పని అయిపోయిందనుకున్నాను. ఆమె మాత్రం చాళ్ల మధ్య చతికిలబడి ఒక ఉండ నోట్లో వేసుకుని, ఇంకోటి అందుకుంది.

“ఎందుకే మీకింత రోసం? మా కోడలు టౌను పిల్ల, ముద్దుగా చుట్టింది. ఒకటి తిని లేస్తే నేనొప్పను, గంప కాళీ చెయ్యాల” అంది. పెద్దామెకు నవ్వొచ్చింది. తిన్నారు, గంపా ఖాళీ చేశారు, వాన దిగేలోపు పత్తంతా ఇల్లు చేర్చారు. మర్నాటినుంచి తడిచేత్తో పెద్ద ఉండ చుట్టడం అత్తగారే నేర్పింది. అయినా అందమంటే నా చిన్న ఉండలదే, ఆ మాట ఇప్పటికీ అంటాను.

ఇప్పుడు ఆ చేలో మక్కజొన్న. విత్తేదీ కోసేదీ యంత్రాలే. ఆ ఆడవాళ్ల మనవరాళ్లు తలా ఒక డబ్బాలో అన్నం సర్దుకుని అగ్గిపెట్టెల కంపెనీ వ్యానెక్కుతారు, ఎవరి కూడు వాళ్లది, మంచిదే. నేను విరుదునగరం నుంచి ఇంటికొచ్చాక మనసు పుట్టి కంబు సంగటి వండి, రెండు చేతులకూ నిండేంత ఉండ చుట్టాను. బ్రహ్మాండంగా కుదిరింది. కానీ ఒక్కదాన్ని, ఎంతని తినగలను? చిన్నదని అలిగి గట్టెక్కే మనిషి ఒక్కరున్నా చాలు, బతిమాలి కూర్చోబెట్టి పెట్టేదాన్ని.