బాపు పడ్డ చెట్టు

అబద్ధం ఆడినా అతికినట్టుండాలంటారు. నేనాడింది అతకలేదు. అదీ నోటితో ఆడింది కాదు, గుండ్రటి అక్షరాలతో రాసి కింద బాపు చేత వేలిముద్ర వేయించిన అబద్ధం.

మాది కట్టంగూర్ దగ్గరి పల్లె. బాపు కల్లు గీసేవాడు. నేను నల్లగొండలో డిగ్రీ రెండో ఏడు చదువుతుండగా, చలి ఇంకా తగ్గని ఒక పొద్దున తాటిచెట్టు మీద మోకు జారి కింద పడ్డాడు. మోకంటే నడుమునూ చెట్టునూ కలిపి వేసుకునే తాడు. వెన్నుపూస విరిగింది. పదిహేను రోజులు దవాఖానలో ఉంచుకుని, నడుస్తాడో లేదో ఇప్పుడే చెప్పలేమని ఇంటికి పంపారు.

చెట్టు మీది నుంచి పడి పనికి దూరమైన గీత కార్మికుడికి సర్కారు సాయం ఇస్తుంది. అది వస్తేనే మా ఇల్లు నిలబడుతుంది. అమ్మ కూలికి పోతే బాపును మంచంలో పక్కకు తిప్పేవాళ్లుండరు, పోకపోతే పొయ్యి వెలగదు. అందుకని దరఖాస్తు పెట్టుకోవాలి. చిక్కేమిటంటే, బాపు పడింది మా చెట్టు మీది నుంచి కాదు.

పక్కింటాయన నాకు వరసకు చిన్నాయిన. అప్పుడే ఆయన తల్లి పోయింది. మైల తీరేదాకా ఆయన చెట్టు ముట్టడు. కల్లు పారే గెలనేమో రోజూ గీయాలి, వదిలేస్తే ఎండిపోతుంది, ఆ ఏటికి ఆ చెట్టు మీద ఆశ వదులుకోవాల్సిందే. అందుకని మైలలో ఉన్నవాడి చెట్లు పక్కవాడు ఎక్కుతాడు. అడగడం, బతిమాలడం ఉండదు. కానీ కాయితాల్లో ఎవరి చెట్టు వారిదే. ప్రతి మానుకూ ఒక నంబరు, ఆ నంబరు ఒకరి లైసెన్సులో ఉంటుంది. నిజం రాస్తే చిన్నాయిన లైసెన్సు పోతుందనీ, బాపుకు సాయం కూడా రాదనీ ఊళ్లో అందరూ అన్నారు. ఆ అందరిలో రూలు చదివినవాళ్లు ఒక్కరూ లేరు. నేనూ చదవలేదు. అయినా చదువుకున్నదాన్ని కదా, కలం నా చేతికిచ్చారు.

బాపు లైసెన్సు పుస్తకం తీసి, మా చెట్లలో ఇంటికి దగ్గరగా ఉన్నదాని నంబరు వేశాను. బాపుకు చదివి వినిపించలేదు. మందుల మత్తులో ఉన్నవాడి బొటనవేలు పట్టుకుని ముద్ర వేయించాను. అమ్మ నాకంటే ఒక అడుగు ముందుకేసింది. కల్లు పట్టే పాత లొట్టి ఒకటి తీసుకుపోయి ఆ చెట్టు కింద పగలగొట్టి వచ్చింది.

"జర కల్లు గూడ పోసిన. వాసన రావాలె గద" అంది.

ఆ తెలివికి ఇద్దరం నవ్వుకున్నాం. బాపు పడ్డాక మా ఇంట్లో నవ్వడం అదే మొదలు.

నాలుగు రోజులకు ఆబ్కారీ సార్ విచారణకు వచ్చారు. నేనే ముందు నడిచి చెట్టు చూపించాను. ఆయన లొట్టి పెంకులు చూశారు, తల పైకెత్తి చెట్టు కొసదాకా చూశారు. తర్వాత నా వైపు తిరిగారు.

"ఏం చదువుతున్నవమ్మా?"

"డిగ్రీ, సార్."

"గీతోళ్ల బిడ్డవే గదా? గిది పండుతాడు చెట్టు. ఎండలు ముదిరితేగాని దీన్ని గీయరు. గీ చలిల మీ బాపు ఏం గీయనీకె ఎక్కిండు?"

దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను. నా ఫీజులన్నీ ఆ చెట్లే కట్టాయి. ఏ చెట్టు ఎప్పుడు పారుతుందో నేను ఒక్కనాడూ బాపును అడగలేదు. సార్ మీద కాదు, నా మీద నాకే కోపం వచ్చింది.

ఇంటికొచ్చి సార్ బాపు మంచం పక్కన కూర్చున్నారు. సంగతి తెలిసి చిన్నాయిన కూడా వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు. గుండు మీద వెంట్రుకలు ఇంకా సరిగ్గా మొలవలేదు.

"ఏ చెట్టు మీదికెల్లి పడ్డవ్?" అని సార్ బాపును అడిగారు.

బాపు సార్ చేతిలోని కాయితాన్ని చూశాడు, నన్ను చూశాడు. బాపు నోరు విప్పేలోపే చిన్నాయిన అందుకున్నాడు.

"నా చెట్టే సార్. మా అమ్మ సచ్చిపోతే నా బదులు ఎక్కిండు. నా లైసెన్సు తీసేస్తే తీసేయిండ్రి. అన్నకు వచ్చేది మాత్రం ఆపకుండ్రి."

సార్ దరఖాస్తు మడిచి నా చేతిలో పెట్టారు. మనిషికి లైసెన్సు ఉందా, గీస్తూ పడ్డాడా అన్నదే చూస్తారట. చెట్టు ఎవరిదని అడగరట.

"నిజం రాస్తే ఏ ఫికర్ లేకుంటుండె. గీ అబద్ధం పైకి పోతే మాత్రం మీ బాపుకు ఏం రాకపోతుండె" అన్నారు. చిన్నాయిన లైసెన్సు ఊసు ఎత్తలేదు.

మళ్లీ రాయడానికి కూర్చున్నాను. ఈసారి బాపు చెప్పాడు. "తమ్మి తల్లి సచ్చిపోయింది. గెల ఎండిపోతదని ఎక్కిన." అంతే చెప్పాడు, అంతే రాశాను. రెండుసార్లు చదివించుకుని గానీ వేలిముద్ర వేయలేదు. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండునని ఏడ్చాను.

ఆ తర్వాత మెడికల్ బోర్డు. ఆటోలో పరుపు వేసి, బాపును పడుకోబెట్టి నాలుగుసార్లు నల్లగొండ తిప్పాం. ఇతను ఇక చెట్టెక్కలేడని డాక్టర్లు రాసిస్తేనే సాయం. ఎట్లయినా ఆ కాయితం ఇప్పించమని అమ్మ ఎల్లమ్మకు మొక్కింది. నేనూ మొక్కాను. దేని కోసం మొక్కుతున్నామో మా ఇద్దరికీ తట్టలేదు.

ఎండలు తగ్గుతుండగా కాయితం వచ్చింది. సాయం మంజూరవుతుందని తెలిసి ఊరంతా సంతోషపడింది. బాపు చదవమన్నాడు. ఇంగ్లిషులో ఉన్నదాన్ని తెలుగులో చెప్పాను. వెన్నుకు తగిలిన దెబ్బ నయమయ్యేది కాదు, ఈ మనిషి ఇక ఎప్పటికీ చెట్టు ఎక్కలేడు.

బాపు నా ముఖంలోకి ఆశగా చూశాడు.

"గిది గూడ నువ్వే రాసినవా, బిడ్డా?"

"కాదు బాపూ. డాక్టర్లు రాసిండ్రు."