మంచిగనే ఉంది

మా మేనత్త పోయిందని చిన్నాన్న ఫోన్ చేసినప్పుడు నేను హైదరాబాద్‌లో మా ఆఫీసులో ఉన్నాను. మేము వీడియో గేములు తయారుచేస్తాం. ఆ పూట ఒక ఆటలో గోడకూ తలుపుకూ మధ్య ఇరుక్కుపోయిన గుర్రాన్ని ఎలా బయటికి తేవాలా అని చూస్తున్నాను.

"అక్క ఇగ లేదు బిడ్డా. పొద్దున చాయ్ తాగింది, మంచం మీద ఒరిగింది, గంతే" అన్నాడు చిన్నాన్న. ఆయన గొంతులో ఏడుపు కంటే ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది.

వరంగల్‌కు దొరికిన రైలెక్కాను. స్టేషన్ ఘన్‌పూర్ దాటాక నా కళ్ళు చూసి పక్క సీటు ఆవిడ ఎవరు పోయారని అడిగింది. మా అత్తమ్మ అని చెప్పాను. ఏం చేసేదని అడిగితే నర్సు అన్నాను. అది నిజమే. కానీ చివరి కొన్నేళ్ళలో ఆమె ఏం చేసిందో చెబితే ఆ రైలులో ఎవరూ నమ్మేవారు కాదు. మా అత్తమ్మ వీడియో గేములు ఆడింది. అందులోనూ అంతంతమాత్రం ఆటలు, ఎవరూ మెచ్చుకోనివి, ఎవరూ తిట్టనివి. వాటిని చివరిదాకా ఆడి, ఒక్కో దాని మీద తన అభిప్రాయం చెప్పింది. నేను నా పని నేర్చుకున్నది ఆ అభిప్రాయాల దగ్గరే.

అత్తమ్మ పెళ్ళి చేసుకోలేదు. వరంగల్ మట్టెవాడలో చిన్నాన్న ఇంట్లో ముందు గది ఆమెది. పెద్ద దవాఖానలో వార్డు నర్సుగా చేసి రిటైరైంది. ఆ తర్వాత పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పట్టు తప్పింది. వేళ్ళు కదిలిస్తూ ఉండమని డాక్టరు రబ్బరు బంతి ఇచ్చాడు. అదంటే ఆమెకు మహా విసుగు.

"పిసుకుడే పిసుకుడు. మనమెంత పిసికినా అది మనతోని ఏమన్న మాట్లాడ్తదా?" అని మంచం కిందికి దొర్లించేసేది.

అందుకని నా పాత గేమ్ మెషిన్ తెచ్చి ఆమె టీవీకి తగిలించాను. చేత్తో పట్టుకుని ఆట నడిపే కంట్రోలర్‌ను ఆమె రిమోట్ అనేది. మొదటి రోజు కారు ఆటలో ఆమె కారు ఒక్క మలుపు కూడా తిరగలేదు. చెట్టుకు గుద్దడం, వెనక్కి రావడం, మళ్ళీ అదే చెట్టుకు గుద్దడం. చిన్నమ్మ వంటింట్లోంచి వచ్చి చూసి నవ్వింది. అత్తమ్మ నవ్వలేదు. మాట వినని వేలును ఎడమచేత్తో పట్టి బటన్ మీద పెట్టుకుంది, రోగి చెయ్యి సర్దినట్టు.

మా ఆఫీసు అలమారులో ఆటల డిస్కులు బోలెడు ఉండేవి. పేరున్న వాటిని ఎవరో ఒకరు ఇంటికి పట్టుకుపోయేవారు. నడిమి రకం మిగిలేవి. నేను వరంగల్ వచ్చినప్పుడల్లా అవే సంచిలో వేసుకొచ్చేదాన్ని. ఒకసారి మంచి ఆట తెస్తానంటే అత్తమ్మ వద్దంది.

"మా వార్డుల గూడ గంతే ఉండె బిడ్డా. పానం మీదికొచ్చినోళ్ల సుట్టు అందరు ఉరుకుతరు. నయమైనోళ్లు ఇంటికి పోతరు. నడిమి మంచాలోళ్లను ఎవ్వరు చూడరు. వాళ్ల దగ్గర జర కూసుంటే తెలుస్తది, ఏడ నొస్తాందో."

అలాగే కూర్చునేది. కారు ఆట సగానికి వచ్చాక ఒకరోజు నాకు ఫోన్ చేసింది.

"రోడ్డు పక్కపొంటి జనం నిలవడ్డరు చూడు, అందరొక్క తీరుగ చేతులూపుతాండ్రు. చూడనీకి వచ్చినట్టు లేదు, ఎవలో తోలుకొచ్చి నిలవెట్టినట్టుంది."

వ్యవసాయం ఆట ఆమెకు కొంత నచ్చింది. ట్రాక్టరు చప్పుడు బాగుందంది. కానీ పంట చేతికొచ్చాక పెదవి విరిచింది. "వాన టైముకే పడ్తాంది. పురుగు లేదు, తెగులు లేదు. ఫికర్ లేనోనికి పంటొస్తే సంబురం ఏముంటది?"

తన సొంత పని కదా అని నేను ఏరి తెచ్చిన దవాఖాన ఆటను మాత్రం పెద్ద శ్రద్ధతో ఆడింది. అందులో బటన్ నొక్కితే మందు పడుతుంది, రోగి లేచి వెళ్ళిపోతాడు. పూర్తిచేసిన సాయంత్రం నేను అక్కడే ఉన్నాను.

"ఎట్లుంది అత్తమ్మా?"

"ఇంతమంది వచ్చి పోయిండ్రు. ఒక్కలన్న మంచినీళ్లడగలే. ఇంటికెప్పుడు పంపుతరని అడగలే."

అంతే. ఆ ఆట మీద అంతకన్నా మంచి విమర్శ నేను ఎక్కడా చదవలేదు.

ఒక ఆదివారం చర్చి అయిపోయాక పాస్టరుగారు ప్రార్థన చేయడానికి ఇంటికొచ్చారు. అప్పుడు ఆమె తుపాకుల ఆటలో ఉంది. ఆట ఆపి, కొంగు తలమీదికి లాక్కుని, కళ్ళు మూసుకుని ప్రార్థనంతా విని ఆమెన్ చెప్పింది. తర్వాత ఆయనతో అంది, "అయ్యగారూ, గీండ్ల సచ్చినోళ్లు సచ్చినట్టే మాయమైతాండ్రు. పీనుగ ఏమాయె, ఎవలు మోసిండ్రు, ఏం లేదు."

"ఆట కదమ్మా" అన్నారాయన.

"ఆటైతె మాత్రం?" అంది అత్తమ్మ.

ఆయన చాయ్ అందుకుని కుర్చీ టీవీ వైపు తిప్పుకున్నారు.

ఆమె తీర్పుల్లో మర్మం తెలియడానికి నాకు కొంతకాలం పట్టింది. 'మంచిగుంది' అంటే నచ్చినట్టు. 'మంచిగ లేదు' అంటే కోపం వచ్చిందని, ఇంకా మాట్లాడుతుందని. 'మంచిగనే ఉంది' అంటే మాత్రం ఇక చెప్పడానికి ఏమీ లేదని. ఆ 'నే' అన్నింటికన్నా కింది మెట్టు. చుట్టాల పెళ్ళిలో భోజనం గురించి అడిగినా ఆ మాటను ఆమె చాలా జాగ్రత్తగా వాడేది.

మా టీమ్ సొంతంగా చేసిన మొదటి ఆటకు నాకు దక్కింది ఆ మాటే.

తప్పిపోయిన తాత కోసం ఒక పిల్ల కొండలూ వాగులూ ఒక వంతెనా దాటి వెతుక్కుంటూ పోయే కథ అది. ఏళ్ళు పట్టింది చేయడానికి. ఇది అమ్ముడుపోకపోతే ఆఫీసు ఉంటుందో లేదో కూడా తెలియదు. విడుదలకు ముందు తెచ్చి అత్తమ్మకు ఇచ్చాను. రెండు మూడు పూటలు ఆడి ముగించింది. చివర్లో తాత దొరుకుతాడు, పిల్ల పరిగెత్తి పట్టుకుంటుంది. ఆమె రిమోట్ పక్కన పెట్టింది.

"మంచిగనే ఉంది బిడ్డా."

"అట్లనకు అత్తమ్మా. ఏం బాగలేదో చెప్పు" అన్నాను.

ఆమె నా వైపు తిరిగి నెమ్మదిగా చెప్పింది. "పిల్ల తాత కోసం ఎతుకుతాంది. మరి గా తాత ఏం తింటడు? పిల్లను ఏమని పిలుస్తడు? నాకేం తెల్వదు. తెల్వని మనిషి కోసం ఎంతసేపని ఎతకాలె?"

నేను కోపంగా సాయంత్రం రైలుకే వెళ్ళిపోయాను. ఆఫీసులో ఆ మాట చెబితే మా టీమ్ లీడ్ తల పట్టుకున్నాడు. ఇప్పుడు మార్చడానికి టైము లేదన్నాడు. ఆట అలాగే విడుదలైంది.

ఎవరూ తిట్టలేదు. ఫర్వాలేదన్నారు, ఏదో వెలితిగా ఉందన్నారు. కొనేవాళ్ళు తగ్గిపోయారు. ఒక కుర్రవాడు మాత్రం వెటకారంగా వీడియో చేశాడు, అది చాలామంది చూశారు. ఆ వారం నేను ఉద్యోగం మానేద్దామనే అనుకుని మట్టెవాడ వచ్చాను. అత్తమ్మ ఆ వీడియో చూపించమంది. నా ఫోన్ దగ్గరగా పెట్టుకుని మొత్తం చూసింది.

"గీ పిలగాడు వంతెన దాటనే లేదు" అంది.

"నీకెట్ల తెలుసు?"

"వంతెన దాటంగనే వాన వడ్తది కదా. రేకుల మీద చప్పుడు. గా వాన ముచ్చట ఒక్కటి కూడ చెప్పలే. ఇన్నోడైతే చెప్పకుంట ఉండడు."

ఆ వాన నేను చేసింది. మా ఇంటి వెనక రేకుల షెడ్డు మీద పడే వానను రికార్డు చేసి, ఎన్నోసార్లు చెరిపి మళ్ళీ చేసింది. ఆ సంగతి ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు. ఆమె ఫోన్ నా చేతికిచ్చి, "ఇగో, ఆడకుంట ఒర్లెటోని మాటకు ఏడ్వకు. తాత సంగతి చూడు పో" అంది.

ఆఫీసుకు వెళ్ళి మళ్ళీ అడిగాను. ఈసారి లీడ్ కాదనలేదు. విడుదలైన ఆటనైనా బాగుచేసి, కొన్నవాళ్ళకు అప్‌డేట్‌గా పంపడానికి ఒక అవకాశం మిగిలే ఉందన్నాడు. అందరం కూర్చుని మా మా తాతల గురించి చెప్పుకున్నాం. ఒకరి తాత చెప్పులు దాచేవాడట. ఒకరి తాత మనవరాలిని 'సర్పంచమ్మా' అని పిలిచేవాడట. మా తాత, అంటే అత్తమ్మ నాన్న, చాయ్ సాసర్లో పోసి ఊదేవాడు. మొదటి గుక్క పక్కనున్న పిల్లలకే ఇచ్చేవాడు. అవన్నీ కలిపి ఆట మొదట్లో ఒక పొద్దున పెట్టాం. తాత, పిల్ల, అరుగు, చాయ్. పెద్ద పనేమీ జరగదు. ఆ పొద్దున అయిపోయాక తాత కనిపించడు.

మార్చిన ఆట జనంలోకి వెళ్ళాక మమ్మల్ని ఆకాశానికేమీ ఎత్తలేదు. కానీ వంతెన దగ్గర ఆగి ఏడ్చామని కొందరు రాశారు. ఆఫీసు నిలబడింది. నేనూ నిలబడ్డాను.

అత్తమ్మ మొత్తం మళ్ళీ ఆడింది. తాత సాసర్ ఊదినప్పుడు ఒకసారి నా వైపు చూసింది. మునుపటిలాగే ఆఖర్న తాత కనిపించాడు, పిల్ల పరిగెత్తింది. ఆ భాగంలో మేము ఒక్క గీత కూడా మార్చలేదు.

"ఇప్పుడు దొరికిండు" అంది అత్తమ్మ.

ఆమెను మట్టిచేసిన సాయంత్రం దవాఖానలో ఆమెతో పనిచేసిన నర్సులు వరుసగా నిలబడి పాట పాడారు. చిన్నమ్మ నన్ను పట్టుకుని ఏడ్చింది. అంతా వెళ్ళిపోయాక నేను ముందు గదిలో కూర్చున్నాను. ఆమె గురించి ఎవరికైనా చెప్పాలంటే ఆమె ఏం తినేదో, ఎలా మాట్లాడేదో చెప్పాలని ఆమే నేర్పింది. చాయ్‌లో చక్కెర ఎక్కువ. చేపల పులుసంటే ప్రాణం. మిరపకాయ బజ్జీలో మిరపకాయ తీసి పక్కన పెట్టేది. నన్ను 'బిడ్డా' అనేది, అలిగితే 'ఆఫీసరమ్మా' అనేది.

ఆమె బతికుండగా నేను చివరిసారి చూసింది ఒక మధ్యాహ్నం. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని ఒళ్ళో పాత తువ్వాల పరుచుకుంది. పక్కన స్పిరిట్ సీసా, దూది. ఎడమచేత్తో దూదిని చిన్న ముక్కగా తుంచి, స్పిరిట్‌లో ముంచి, రిమోట్ బటన్ల సందుల్లో ఒక్కొక్కటే తుడుస్తోంది. కుడిచేతి వేళ్ళు దాన్ని కదలకుండా పట్టుకుని ఉన్నాయి. నేను వచ్చింది ఆమె చూడలేదు. తుడిచిన బటన్‌ను వెలుతురుకు తిప్పి చూసుకుంటోంది, మెల్లగా ఊదుతోంది. గదంతా స్పిరిట్ వాసన.